ఉన్నారట

అయకూచో సంతలో నా కొట్టు ముందు
పటాలంలో చేరబోయే కుర్రాళ్లు కూర్చుంటారు,
టైరు చెప్పులు బాగుచేయించుకుంటూ.
"తాతా, ఆజ్ఞ ఎప్పుడు పాటించాలి, ఎప్పుడు ఎదురడగాలి?"
నా డబ్బాలో మేకులున్నాయి గాని
జవాబు లేదు.

సార్జెంట్ కార్దెనాస్ ఒకసారి "పడుకో" అన్నాడు.
పడుకున్నాను.
"ఎందుకు" అన్నవాడు ఎవుసేబియో.
ఆ ఎందుకు ఇంకా ఆ వాగు దగ్గరే ఉంది,
సగం.
అందుకని, ప్రశ్న ప్రతిసారీ గొప్పదని నాతో అనకండి.
కొన్ని ఆజ్ఞలు అమ్మ అరుపులాంటివి,
కాలే కుండ మీద చెయ్యి పడబోయే ముందు వస్తాయి.
అర్థం తర్వాత తెలుస్తుంది,
మోచేతుల మట్టి దులుపుకుంటున్నప్పుడు.

కానీ అక్కడ నా అసలు పని తుపాకీ కాదు, నోరు.
లెఫ్టినెంట్ ఒలాయెచేయాది సముద్రపొడ్డు ఊరు,
అతనికి స్పానిష్ ఒక్కటే వచ్చు.
మావాళ్లలో సగంమందికి ఆ భాషలో
కుడి, ఎడమ, తిండి, కాల్చు.
నాలుగే ముక్కలు.
మధ్యలో నేను,
ఈ చెవిన పట్టి ఆ నోట వదిలేవాణ్ణి.
నీళ్ల మంచిచెడ్డలు బావి గిలకకెందుకు
అనుకునేవాణ్ణి.

స్పానిష్‌లో మాట బోడిగా ఆగిపోతుంది.
మా కెచువాలో ఆగదు.
చూసినదానికి ఒక తోక, విన్నదానికి ఇంకో తోక.
తోక మార్చి పలికానని అనుమానం వస్తే
మా అమ్మ చేతిలో దుంప పక్కన పెట్టి
"నువ్వు చూశావా?" అనేది.

కెల్యుమాయు ఎగువన, వడగళ్లు వెలిసిన సాయంత్రం.
లోయకవతల రాతిదొడ్డి, ఒక గుడిసె, సన్నటి పొగ.
లెఫ్టినెంటు జేబులో నలిగిన చీటీ,
ఎవరో ఎవరికో చెప్పగా ఇంకెవరో రాసింది.
"శత్రువులు లోపల ఉన్నారు.
మోర్టారు వెయ్యమని చెప్పు."

అంతకు ముందు, వేరే కొండమీద,
ఇలాంటి చీటీకే
"ఉన్నారు" అన్నాను,
కళ్లారా చూసినవాడిలా.
ఆ తోక చీటీది కాదు, లెఫ్టినెంటుది కాదు.
నాది.
మర్నాడు బూడిదలో కుట్టుమిషను కనిపించింది.
చక్రం తిరుగుతూనే ఉంది, తిప్పి చూస్తే.

ఈసారి "ఉన్నారట" అన్నాను.
అంతే. ఒక్క అక్షరం.
గొట్టంలోకి గుండు జారవిడవబోతున్న తాయ్పే చెయ్యి
గాల్లోనే నిలిచింది.
"ఎవరు చెప్పారట?"
"వాడితో ఏమన్నావు?" అన్నాడు లెఫ్టినెంటు.
"మీరన్నదే, సార్."
నిజమే కదా.
అతను చూడకుండా అన్నదాన్ని
చూడకుండా అన్నట్టే చెప్పాను.

తిరగబడ్డానని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.
మోకాళ్లు కొట్టుకున్నాయి.
చలికని చెప్పుకున్నాను.
లెఫ్టినెంటు బైనాక్యులర్‌లో చాలాసేపు ఆ పొగను చూశాడు,
అది దించి నన్ను చూశాడు.
"తెల్లారనీ," అన్నాడు.
ఆ మాట నేను మార్చి చెప్పకముందే
తాయ్పే గుండు కింద పెట్టేశాడు.

తెల్లారి వెళితే గుడిసె ఖాళీ.
పొయ్యిలో గోరువెచ్చని బూడిద,
ముగ్గురో నలుగురో తిన్నన్ని దుంపతొక్కలు.
గోడమీద ఒక గీత,
తుపాకీ ఆనించిందో, గడ్డపార ఆనించిందో.

ఆరో రోజున కార్దెనాస్ పోయాడు,
నన్ను పడుకోబెట్టి బతికించినవాడు,
వంతెన మీద, వెనకనుంచి తూటా తగిలి.
ఆ రాత్రి చలిమంట దగ్గర
ఎవరూ నాకేసి చూడకుండా అన్నారు,
ఆ గుడిసెలో దుంపలు తిన్నవాళ్లేనట.

నలభై ఏళ్లుగా ఆ అక్షరం పట్టుకు లాగుతున్నాను.
ఊడి రాదు.
అది లేకుండా ఆ మాట నా నోట రాదు.

ఇదిగో, నీ జోడు అయింది.
మడమ దగ్గర రెండు రోజులు కరుస్తుంది,
తర్వాత సర్దుకుంటుంది.
అది నేను చూసిందే.